ఇంజను అరుస్తుంది, పడవ కదలదు: మన కావేరి ఒడ్డున ప్రొపెల్లర్ ముచ్చట

ధర్మపురి వాళ్ళకు పడవ మోటారుతో ఏం పని అని నవ్వేవాళ్ళు ఉంటారని మాకు ముందే తెలుసు. మనది మెట్ట జిల్లా. రాగులు, మామిడి, చింత. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఆకాశం వైపు చూపు. సముద్రం చూడాలంటే పుదుచ్చేరి దాకా పోవాలి. అయినా మన జిల్లా పడమటి అంచున కావేరి పారుతోంది. ఆ నది మన హద్దులోనే రెండు వేషాలు కడుతుంది. పైన హొగెనకల్ దగ్గర బండల మధ్య దూకే నీరు, కింద మెట్టూరు జలాశయంలో కదలకుండా పరుచుకున్న నీరు. పైనీటికి పుట్టి, కిందినీటికి మోటారు పడవ. ఒకే నది మీద ఈ రెండూ ఎందుకు వేరుపడ్డాయో చెప్పాలంటే ప్రొపెల్లర్ జారుడు సంగతి చెప్పక తప్పదు.

ఈ మాట ఎత్తడానికి ఒక కారణం ఉంది. మన సంఘం సభ్యుల్లో ఒకరి మామగారి షెడ్డులో 1960ల నాటి అవుట్‌బోర్డ్ మోటారు ఒకటి గోనెసంచి కప్పుకుని పడి ఉంది. స్టార్ట్ అవుతుంది. మెల్లగా నడిపితే పడవ కదులుతుంది. యాక్సిలరేటర్ పెంచితే మాత్రం ఇంజను గొంతు చించుకుంటుంది, పడవ నీరసపడుతుంది. చూసిన మెకానిక్కు "గేర్లు పోయాయి సార్, ఇనప ధరకు ఇచ్చేయండి" అన్నాడట. ఇచ్చేయాలా వద్దా అని మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే పదహారో శతాబ్దం దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ మోటారు సంగతి దాని వరసలో చెప్తాం.

ముందు పుట్టి. ఇక్కడ తమిళంలో పరిసల్ అంటారు. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున మనవాళ్ళు పుట్టి అంటారు. పాత తెలుగులో హరిగోలు అనే మాట ఉంది, కన్నడంలోనూ అదే మాట. మూడు భాషలు కలిసే మన మూలన ఈ గుండ్రటి పడవకు మూడు భాషల్లోనూ పేరుండటంలో వింతేమీ లేదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ తుంగభద్ర దాటే ఈ పడవల గురించి రాశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తం, బయట తోలు అని, పదిహేను ఇరవై మందిని మోస్తాయని, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయని ఆయన వర్ణన. ఇవాళ హొగెనకల్‌లో ఎక్కినవాళ్ళు ఆ చివరి ముక్క చదివితే నవ్వుకుంటారు. ఐదు వందల ఏళ్ళలో తోలు పోయి తారు, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. తిరగడం మాత్రం మానలేదు. 1803లో ఆర్థర్ వెల్లెస్లీ మరాఠాల మీదికి పోయేటప్పుడు దక్కన్ నదులు దాటడానికి ఇలాంటి బుట్ట పడవలనే చేయించుకున్నాడు. తర్వాత వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఆయనే.

హొగెనకల్ పుట్టి అడ్డం సుమారు ఏడున్నర అడుగులు. ఎనిమిది మంది దాకా పడతారు. చేయి తిరిగినవాడు ఒక్క రోజులో అల్లేస్తాడు. దీని అడుగు బల్లపరుపు, నీళ్ళలో కొద్ది అంగుళాలే దిగుతుంది. కింద చుక్కాని లేదు, కర్ర లేదు, ఇనుము లేదు. బండకు తగిలితే వెదురు వంగుతుంది, పడవ గిర్రున తిరిగి పక్కకు జారుకుంటుంది. తెడ్డు బండకు తగిలితే ఆ దెబ్బ తెడ్డు వేసేవాడి మణికట్టుకు తెలుస్తుంది, వెంటనే పట్టు వదులు చేస్తాడు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. మోటారు వచ్చాక ఆ మణికట్టు చేసే పని ఎవరు చేయాలన్నదే ఈ కథంతా.

హొగె అంటే పొగ, కల్ అంటే రాయి. పొగలాంటి తుంపర లేచే ఆ రాళ్ళలో ప్రొపెల్లర్ పెట్టిన పడవ ఒక్క పూట నిలవదు. అందుకే అక్కడికి ఇంజను రాలేదు. పాతకాలపు అలవాటు వదులుకోలేక కాదు, పర్యాటకులకు ముచ్చటగా ఉంటుందనీ కాదు. ఆ నీటికి సరిపోయిన యంత్రం ఆ బుట్టే.

కిందికి దిగితే వేరే లోకం. మెట్టూరు ఆనకట్ట పని 1925లో మొదలై 1934లో పూర్తయింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరు మీద దాన్ని స్టాన్లీ జలాశయం అన్నారు. నిండు మట్టం 120 అడుగులు, నిల్వ 93.47 టీఎంసీలు. నిండినప్పుడు ఆ నీళ్ళు సేలం జిల్లా నుంచి మన పెన్నాగరం వైపు దాకా వెనక్కి తన్నుతాయి. ఊళ్ళు మునిగాయి, పొలాలు మునిగాయి, గుళ్ళు మునిగాయి. పన్నవాడి దగ్గర నీళ్ళు బాగా తగ్గిన ఏడు జలకంఠేశ్వరుడి గుడి నంది, పాత చర్చి గోపురాలు బయటపడటం, పేపర్లో ఫోటో రావడం మనందరికీ అలవాటే.

నది చెరువైతే దాటే పద్ధతి కూడా మారుతుంది. పారే నదిలో పుట్టిని ప్రవాహమే సగం మోస్తుంది. నిలిచిన నీళ్ళలో ప్రతి అడుగూ తెడ్డుతోనే పోవాలి, పైగా ఎదురుగాలి. జాలర్లు ఇప్పటికీ వలలు వేయడానికి పరిసల్ మీదే పోతారు. (వాళ్ళ వలలో పడే బొచ్చె చేప పూర్వీకులు గోదావరి నుంచి తెచ్చి వదిలినవి. మనకంటే ముందే కావేరికి కాపురం వచ్చిన గోదావరి వాళ్ళన్నమాట.) కానీ జనాన్ని, బైకులను, కూరగాయల మూటలను అటు నుంచి ఇటు చేర్చాలంటే తెడ్డు చాలదు. మన నాగమరై నుంచి సేలం జిల్లా పన్నవాడికి, ఒట్టనూరు నుంచి సేలం జిల్లా కోట్టైయూరుకు జనం నీళ్ళ మీదే దాటుతూ వచ్చారు. రోడ్డు మీద పోతే చుట్టుదారి. అలా నిలిచిన నీటి వెంట ఇంజను వచ్చింది, ఇంజను వెంట ప్రొపెల్లర్, దాని వెంట జారుడు.

నిజానికి ప్రొపెల్లర్‌కు లోతు కావాలన్న సంగతి మన తెలుగు నేల మీద చాలా ముందే తేలింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర అక్కడితో ఆగలేదు. గోదావరిని వార్ధా దాకా పడవల దారి చేసి మధ్య ఇండియా పత్తిని సముద్రానికి దించాలని ఆయన కల. దారిలో మూడు చోట్ల నదికి అడ్డంగా బండల వరసలు. వాటి పక్కన కాలువలు, లాకులు తవ్వే పని ఏళ్ళ తరబడి నడిచి, ఖర్చు పెరిగి, 1871లో ఆగిపోయింది. అప్పటికే సముద్రం మీద ప్రొపెల్లర్ ఓడలు గెలిచాయి, అయినా అలాంటి లోతులేని నదులకు బల్లపరుపు అడుగున్న చక్రాల స్టీమర్లనే నమ్ముకున్నారు. చక్రం పైపైన నీళ్ళను కొడుతుంది, ప్రొపెల్లర్ కింద వేలాడుతుంది. కింద వేలాడేది బండకు దొరుకుతుంది.

సముద్రం మీద ఈ పోటీ ఎలా తేలిందో చెప్పుకోవాలి, ఎందుకంటే జారుడు అనే మాట అక్కడే పుట్టి పెరిగింది. 1836లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే రైతు స్క్రూ ప్రొపెల్లర్‌కు పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడు స్వీడన్ ఇంజనీరు జాన్ ఎరిక్సన్ కూడా తీసుకున్నాడు. స్మిత్ మొదటి స్క్రూ చెక్కది, బెరడు తిప్పినట్టు రెండు పూర్తి చుట్లు. 1837లో లండన్ పాడింగ్టన్ కాలువలో నడుపుతుంటే ఏదో తగిలి సగం విరిగిపోయింది. పడవ ఆగిపోవాలి కదా, ఇంకా వేగంగా పోయింది! స్క్రూ ఎంత పొడుగుంటే నీటిని అంత గట్టిగా పట్టుకుంటుందన్న ఊహ ఆ దెబ్బతో విరిగింది. ప్రొపెల్లర్‌కు మొదటి పాఠం చెప్పింది కూడా అడ్డుతగిలిన వస్తువే. 1845 ఏప్రిల్‌లో బ్రిటిష్ నౌకాదళం ర్యాట్లర్ అనే ప్రొపెల్లర్ ఓడను, అలెక్టో అనే చక్రాల ఓడను వెనకా వెనకా కట్టి తాడులాగుడు ఆడించింది. ర్యాట్లర్ ఎదుటిదాన్ని రెండున్నర నాట్ల పైచిలుకు వేగంతో ఈడ్చుకుపోయింది.

ఇప్పుడు జారుడంటే ఏమిటో చూద్దాం. చెక్కలో మర మేకు తిప్పితే ఒక చుట్టుకు ఒక గాడి లోపలికి పోతుంది. ప్రొపెల్లర్‌కూ అలాంటి లెక్క ఉంది, దాన్ని పిచ్ అంటారు. 8 అంగుళాల పిచ్ అంటే ఒక చుట్టుకు 8 అంగుళాలు ముందుకు పోవాలి. కానీ నీళ్ళు చెక్క కాదు, వెనక్కి జరుగుతాయి. అందుకని పడవ లెక్కకన్నా తక్కువే పోతుంది. ఆ తేడాయే స్లిప్పు, మన మాటలో జారుడు. చాలామంది ఇది పూర్తిగా లోపమనుకుంటారు. కాదు. ప్రొపెల్లర్ నీటిని వెనక్కి తోస్తేనే పడవ ముందుకు పోతుంది. నీళ్ళు కొంచెం కూడా వెనక్కి జరగలేదంటే ప్రొపెల్లర్ దేన్నీ తోయలేదన్నమాట. జారుడు సున్నా అయితే తోపు కూడా సున్నా. తెడ్డుకూ అంతే, ఈతగాడి చేతికీ అంతే.

మరి ఎంత జారితే మామూలు? చిన్న పడవల్లో నూటికి పది నుంచి ముప్పై దాకా చూస్తుంటాం, బరువు వేస్తే ఇంకా పెరుగుతుంది. ఫోన్ ఉంటే మీరే లెక్క కట్టొచ్చు. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతోంది, గేరు దాన్ని సగం చేస్తోంది అనుకుందాం. ప్రొపెల్లర్ 2000 చుట్లు. 8 అంగుళాల పిచ్‌తో గంటకు 24 కిలోమీటర్ల పైచిలుకు రావాలి. ఫోన్‌లో 18 చూపిస్తే జారుడు నూటికి 26, దిగులు పడక్కర్లేదు. 8 చూపిస్తే నూటికి 67. అప్పుడు ఏదో చోట రోగం ఉంది.

రోగం నీళ్ళలోనైనా ఉండొచ్చు, యంత్రంలోనైనా ఉండొచ్చు. నీళ్ళలో రోగాన్ని మొదట గట్టిగా ఎదుర్కొన్నవాడు చార్లెస్ పార్సన్స్. ఆవిరి టర్బైన్ కనిపెట్టి, దాన్ని టర్బీనియా అనే సన్నటి ఓడలో పెట్టి 1894లో నీళ్ళలోకి దించాడు. టర్బైన్ అద్భుతంగా తిరిగింది, ఓడ మాత్రం 20 నాట్లు కూడా అందుకోలేదు. ప్రొపెల్లర్ మరీ వేగంగా తిరగడంతో రెక్కల వెనక ఒత్తిడి పడిపోయి నీళ్ళే ఆవిరి బుడగలుగా మారుతున్నాయి. రెక్క నీళ్ళను కాకుండా ఖాళీని తోస్తోంది. దీనికి క్యావిటేషన్ అని ఆర్.ఈ. ఫ్రౌడ్ పేరు పెట్టాడు. పార్సన్స్ ఒక గాజు కిటికీ ఉన్న తొట్టి కట్టి, అందులో చిన్న ప్రొపెల్లర్ తిప్పి ఆ బుడగలను కంటితో చూశాడు. తర్వాత ఒక షాఫ్టుకు బదులు మూడు, ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టాడు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలోకి పిలవకుండానే దూసుకెళ్ళి 34 నాట్ల వేగం చూపించాడు. కాపలా పడవలు పట్టుకోలేకపోయాయి.

మన చిన్న మోటార్లలో కనిపించేది మాత్రం ఎక్కువసార్లు ఇది కాదు. నీటిపై గాలిని ప్రొపెల్లర్ కిందికి లాక్కోవడం. మోటారును పడవ వెనక పలకకు మరీ ఎత్తుగా బిగించినా, మలుపు గట్టిగా తిప్పినా, ముందు భాగంలో బరువు ఎక్కువై వెనక లేచినా ఇదే జరుగుతుంది. ప్రొపెల్లర్ మీద అడ్డంగా ఒక పలక ఉంటుంది, గాలిని రాకుండా ఆపడమే దాని పని. దాన్ని లోకమంతా క్యావిటేషన్ ప్లేట్ అని తప్పుపేరుతో పిలుస్తుంది. ఆ పలక పడవ అడుగుతో సమానంగానో, కాస్త కిందనో ఉండాలి. ఇది చూసుకోకుండా ఇంజను విప్పడం మొదలుపెట్టే మెకానిక్కులను ఎంతమందిని చూశామో!

ఇక అవుట్‌బోర్డ్ పుట్టుక. పడవ లోపల కాకుండా వెనక తగిలించుకునే ఇంజను ఆలోచన అమెరికాలో 1890ల నుంచే ఉంది. డెట్రాయిట్‌లో కామెరాన్ వాటర్‌మన్ 1900ల మొదట్లో దాన్ని అమ్మకానికి తెచ్చాడు. జనంలోకి తెచ్చింది మాత్రం ఓలే ఎవిన్‌రూడ్, నార్వేలో పుట్టి అమెరికా చేరిన మెకానిక్కు. కాబోయే భార్య కోసం ఎండలో సరస్సు దాటి ఐస్‌క్రీమ్ తెచ్చేసరికి అది కరిగిపోయిందని, ఆ కసితో మోటారు చేశాడని కథ చెప్తారు. ఐస్‌క్రీమ్ సంగతి అలా ఉంచితే, 1909లో ఆయన అమ్మిన మోటారు ఒకటిన్నర హార్స్‌పవర్, బరువు 62 పౌండ్లు, ధర 62 డాలర్లు. పడవ ఎవరిదైనా సరే, మోటారు భుజాన వేసుకుపోయి తగిలించుకోవచ్చు.

అక్కడే కొత్త తలనొప్పి మొదలైంది. పెద్ద ఓడ లోతులో పోతుంది. ఈ చిన్న మోటారు వెళ్ళేది ఒడ్డు దగ్గరికి, రాళ్ళలోకి, మొద్దుల్లోకి. తిరుగుతున్న ప్రొపెల్లర్ ఠక్కున బండకు తగిలి ఆగితే పైన ఇంజను ఆగదు. ఆ విసురు అంతా గేర్ల పళ్ళ మీద, షాఫ్టు మీద పడుతుంది. తెడ్డు వేసేవాడి మణికట్టు ఇక్కడ లేదు.

దానికి దొరికిన ఉపాయం చూస్తే మాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. షాఫ్టుకు అడ్డంగా చిల్లు చేసి చిటికెన వేలంత కూడా లేని మెత్తటి లోహపు పిన్ను దూర్చారు, తరచుగా ఇత్తడిది. ప్రొపెల్లర్‌ను తిప్పేది ఆ పిన్నే. బండకు తగిలితే పిన్ను తెగుతుంది, గేర్లు బతుకుతాయి. దాన్నే షియర్ పిన్ అంటారు. తెగడానికే పుట్టిన భాగమది. ఇంట్లో ఫ్యూజు వైరు చేసే పనే. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి తీగ చుట్టేవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నట్టే, పిన్ను తెగుతోందని ఇనప మేకు కొట్టేవాళ్ళు నదుల మీద ఉన్నారు. మేకు తెగదు. తర్వాతి బండకు గేర్‌బాక్సే పోతుంది.

ఇంగ్లండు బ్రిటిష్ సీగల్ మోటార్లలో చాలావాటికి పిన్ను బదులు గట్టి స్ప్రింగు చుట్ట పెట్టారు. దెబ్బ తగిలితే స్ప్రింగు దాన్ని మింగుతుంది. చూడ్డానికి మోటుగా ఉండే మోటారు, కానీ నడిసముద్రంలో వంగి పిన్ను మార్చే బాధ తప్పింది. అమెరికా మోటార్లు ఇంకో దారి పట్టాయి. 1949లో జాన్సన్ కంపెనీ 10 హార్స్‌పవర్ మోటారు ముందుకు, న్యూట్రల్, వెనక్కి గేర్లతో వచ్చింది. గేరు పడిన ప్రతిసారీ ఒక కుదుపు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి కాలంలో ప్రొపెల్లర్ బొడ్డులో రబ్బరు బుష్ విరివిగా వాడుకలోకి వచ్చింది. లోపల లోహపు గొట్టం, దాని మీద బిగుతుగా నొక్కిన రబ్బరు, ఆ రబ్బరు చుట్టూ ప్రొపెల్లర్. కుదుపును రబ్బరు తాగుతుంది. గట్టి దెబ్బ తగిలితే రబ్బరు తన చోట తాను జారి మళ్ళీ పట్టుకుంటుంది. ఆ కాలపు చాలా మోటార్లలో రబ్బరూ ఉంది, పిన్నూ ఉంది.

రబ్బరుకు వయసు ఉంది. యాభై అరవై ఏళ్ళు ఎండలో, నూనెలో, షెడ్డులో పడి ఉంటే గట్టిపడుతుంది, పట్టు వదులుతుంది. అప్పుడు తక్కువ బలానికి పట్టుకుంటుంది, ఎక్కువ బలానికి జారుతుంది. ఇదిగో, మన సభ్యుడి మామగారి మోటారు చెప్పింది అక్షరాలా ఇదే.

మేము చేసింది పెద్ద విద్యేమీ కాదు. ముందు మోటారు ఎత్తు చూశాం, పలక సరిగ్గానే దిగి ఉంది. రెక్కలు చూశాం, అంచులు నలిగాయి కానీ విరగలేదు. చీలకమేకు తీసి ప్రొపెల్లర్ లాగి పిన్ను చూశాం, బాగానే ఉంది. పిన్ను తెగితే మెల్లగా నడిపినా పడవ కదలదు, కాబట్టి అది కాదని ముందే అనుమానం. గేర్లా అంటే, గేరు పళ్ళు అరిగి జారేటప్పుడు కటకటమని చప్పుడు వస్తుంది, చేతికి కుదుపు తెలుస్తుంది. ఇది చప్పుడు లేకుండా జారుతోంది, ఇంజను స్వరం మాత్రం పైకి పోతోంది. ఇక మిగిలింది రబ్బరు. దాన్ని పట్టుకునే పద్ధతి బడిపిల్లలకు కూడా చెప్పొచ్చు. ప్రొపెల్లర్ వెనక నుంచి చూస్తే లోపలి గొట్టం, రబ్బరు, బయటి బొడ్డు మూడూ వలయాల్లా కనిపిస్తాయి. మూడింటి మీదుగా సూదితో ఒకే గీత గీశాం. పడవకు కట్టి నీళ్ళలో గట్టిగా ఒకసారి నడిపి, ఆపి, తీసి చూశాం. లోపలి గీత ఒకచోట, బయటి గీత ఇంకోచోట, దాదాపు కాలు చుట్టు దూరం. గేర్‌బాక్సు మూత కూడా తీయలేదు. ఇనప ధరకు పోవాల్సిన మోటారు, లోపల గేర్లు కొత్తవాటిలా ఉన్నాయి.

ఇలాంటప్పుడు రెండు తప్పుడు వైద్యాలు ఊళ్ళో దొరుకుతాయి. ఒకటి, బొడ్డుకు చిల్లులు చేసి బోల్టులు బిగించి రబ్బరును కదలకుండా చేయడం. పడవ పరుగెడుతుంది, కానీ కుదుపు తాగేవాడు లేడు. రెండోది బంక పోయడం, అది రెండు వారాల ముచ్చట. సరైన పని పాత రబ్బరును ప్రెస్సులో నెట్టి తీసి, అదే కొలత కొత్త బుష్ నొక్కించడం. ప్రొపెల్లర్లు బాగుచేసే చోట్లు సముద్రపు ఊళ్ళలో ఉన్నాయి. మన దగ్గర పెద్ద హైడ్రాలిక్ ప్రెస్సు ఉన్న వర్క్‌షాపుకు బుష్ తీసుకెళ్ళినా పని జరుగుతుంది. నీళ్ళ మధ్య జారుడు మొదలైతే భయపడి ఇంకా పెంచకూడదు. బాగా తగ్గించి, రబ్బరు పట్టిన చోట ఆగి, మెల్లగా ఒడ్డు చేరాలి. పెంచిన కొద్దీ రబ్బరు వేడెక్కి, ఉన్న పట్టు కూడా పోతుంది.

మన తెలుగు తీరం ఈ గొడవంతా ఇంకో రకంగా తప్పించుకుంది. కేరళ జాలర్లు 1980ల్లో కిరోసిన్‌తో నడిచే అవుట్‌బోర్డ్‌ల వైపు పోతే, ఆంధ్ర, తమిళ తీరాల్లో చాలామంది చిన్న డీజిల్ ఇంజనుకు పొడుగాటి షాఫ్టు తగిలించిన లాంగ్ టెయిల్ మోటార్లు పట్టుకున్నారు. ఆ షాఫ్టును కర్రలా చేత్తో పైకెత్తవచ్చు. ఇసుక తగలబోతోందంటే నొక్కితే చాలు, ప్రొపెల్లర్ నీళ్ళ పైకి వస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా 1979 నుంచి నడిపిన బంగాళాఖాతం కార్యక్రమం కూడా ఒడ్డున దిగే పడవలకు ఇంజనుతో సహా పైకి లేచే ప్రొపెల్లర్ తయారుచేసింది. అలల్లోంచి ఇసుక మీదికి వచ్చే పడవకు అది లేకపోతే ప్రతి రోజూ ఒక ప్రొపెల్లర్ ఖర్చు. మా లెక్కలో లాంగ్ టెయిల్ పుట్టికి దగ్గరి చుట్టం. దెబ్బ మళ్ళీ మణికట్టుకే తెలుస్తుంది కదా!

ఇదంతా మన జలాశయానికి ఎందుకు ముఖ్యమంటే, సముద్రంలో బండలు ఉన్నచోటే ఉంటాయి, మెట్టూరులో బండలు పైకి కిందికి కదులుతాయి. నిజానికి కదిలేది నీటి మట్టం. కానీ పడవ మీద ఉన్నవాడికి రెండూ ఒకటే. 120 అడుగులు నిండిన ఏడు ప్రొపెల్లర్ కింద పెద్ద లోతు. 2017 వేసవిలో లాగా మట్టం 30 అడుగుల లోపుకు దిగితే, నిరుడు నిశ్చింతగా దాటిన చోట ఇప్పుడు పాత ఊరి గోడ, పొలం గట్టు, నరికేసిన చెట్టు మొద్దు అంగుళాల లోతులో కూర్చుని ఉంటాయి. ఆ మట్టాన్ని నిర్ణయించేది వాన ఒక్కటే కాదు. బిలిగుండ్లు దగ్గర కేంద్ర జల సంఘం కొలిచే నీళ్ళు, వాటి వెనక 2007 ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చిన 192 టీఎంసీలు, 2018లో సుప్రీంకోర్టు దాన్ని 177.25కు తగ్గించడం, ఇవన్నీ చివరికి నాగమరై రేవులో ఒక ఇత్తడి పిన్ను మీదికి వస్తాయి. ఢిల్లీలో వాదించినవాళ్ళకు ఆ పిన్ను గురించి తెలియాల్సిన పని లేదు. పడవ నడిపేవాడికి మాత్రం ఏ మట్టానికి ఏ రాయి తేలుతుందో కంఠతా రావాలి. వస్తుంది కూడా. ఆ జ్ఞానం ఎక్కడా రాసి లేదు.

అందుకే మా మాట ఇది. నీళ్ళు దిగే నెలల్లో ఆ రేవుల్లో దాటేటప్పుడు పడవలో విడి పిన్నులు, చీలకమేకులు, ఒక పటకారు, రెండు తెడ్లు ఉన్నాయా అని అడగండి. అడిగితే ఎవరూ కోప్పడరు. బడిపిల్లలు ఎక్కే పడవలో లైఫ్ జాకెట్లు మూటకట్టి మూలన కాకుండా ఒంటి మీద ఉన్నాయా చూడండి. నిలిచిన నీటిలో ఇంజను పట్టు తప్పితే తెడ్డు వేసుకుని రావచ్చు. మెట్టూరు నిండి పైనుంచి వరద దిగుతున్నప్పుడు తప్పితే, తెడ్డు సరిపోదు.

ఆ పాత మోటారుకు కొత్త బుష్ పడింది. పైమూత లోపల రెండు విడి పిన్నులు, ఒక చీలకమేకు టేపుతో అంటించి పెట్టారు. అది ఎప్పుడు, ఎక్కడ, ఏ పడవకు కట్టిందో మామగారికి గుర్తులేదు. మూతమీద నంబరు పలక అరిగిపోయింది. మీ ఇళ్ళలో ఎవరి దగ్గరైనా 1950, 60ల్లో మెట్టూరు జలాశయం మీద తీసిన ఫోటోలు ఉంటే, వెనక ఏ ఊరు రాసి ఉందో దాంతో సహా మా సంఘానికి పంపండి. మునిగిన ఊళ్ళ నుంచి పైకి వచ్చి ఇటు స్థిరపడిన తెలుగు ఇళ్ళ పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆనకట్టకు ముందు ఆ రేవుల్లో పుట్టికి ఎంత తీసుకునేవాళ్ళో, ఏ రేవుకు ఏ పేరు ఉండేదో అడిగి రాయండి. తర్వాతి వ్యాసం వాటి మీదే రాస్తాం.